జోర్ గారు కవుల మనిషా, చరిత్ర మనిషా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. మా ఊరి జామియా మసీదును గోల్కొండ సుల్తానుల ఫౌజుదారు (సైన్యాధికారి) షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ కాలం గురించి ఏది తిరగేసినా మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ పేరు తగులుతోంది. ఒకరు సాహిత్య విమర్శకుడంటారు, ఇంకొకరు భాషా శాస్త్రవేత్తంటారు, మరొకరు చరిత్రకారుడంటారు. నాకు ఉర్దూ చదవడం రాదు. అసలు ఆయన చేసిన పనేంటో తెలిసినవాళ్లు చెప్పండి.

కోట వీధి మాస్టారు (విజయనగరం):
మూడూ ఆయనేనమ్మా. హైదరాబాదీ. ఉస్మానియాలో ఎం.ఏ., లండన్‌లో డాక్టరేటు, ఆ తర్వాత పారిస్‌లో ధ్వనిశాస్త్రం. 1930లో ఇంగ్లీషులో ‘హిందుస్తానీ ఫొనెటిక్స్’ వేశారు. ఫారసీ కూడా వచ్చు.

నన్నడిగితే ఆయన అసలు గొప్పతనం తిరిగొచ్చాక మొదలైంది. 1931లో మిత్రులతో కలిసి ‘ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ’ అనే ఉర్దూ సాహిత్య సంస్థ స్థాపించారు. హైదరాబాదు పంజాగుట్టలోని ఐవాన్-ఎ-ఉర్దూ భవనం ఆ సంస్థదే. దక్కనీ (దక్కనులో పెరిగిన పాత ఉర్దూ), ఉర్దూ, ఫారసీ రాతప్రతులను అక్కడికి చేర్చి, ఏ ప్రతి ఎవరు రాసింది, ఏ కాలానిది, అందులో ఏముంది అని వివరంగా రాసి, సంపుటాలు సంపుటాలుగా కేటలాగులు అచ్చు వేయించారు. పేరు రాని చాకిరీ అది. ఆ ప్రతులు చెదల పాలైతే ఏ చరిత్రకారుడైనా దేన్ని పట్టుకుని రాస్తాడు?

గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా మనకి హైదరాబాదు కట్టించిన రాజుగానే తెలుసు. ఆయన దక్కనీ కవితలన్నీ పరిష్కరించి 1940లో జోర్ అచ్చు వేశారు. వానాకాలం, వసంత పండగ, మొహర్రం, తన ప్రియురాళ్లు... ఆ రాజు దేన్నీ వదల్లేదు. అలాంటివి దండయాత్రల చరిత్రలో దొరకవు.

వీణల ఊరు (బొబ్బిలి):
మాస్టారూ, ఒక్కమాట. జోర్ గారు గోల్కొండ మీద కథలు కూడా రాశారు. వాటిని కథలుగానే చదవాలి. కులీ ప్రియురాలని చెప్పుకునే భాగమతి నిజంగా ఉందని ఆయన నమ్మారు. చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వానీ గారేమో అది కట్టుకథే అన్నారు. కులీ ప్రధాని మీర్ మోమిన్ మీద జోర్ రాసిన జీవితచరిత్ర మాత్రం వేరే సంగతి, అది గట్టి పని.

కోట వీధి మాస్టారు:
భాగమతి విషయంలో నేనూ షేర్వానీ వైపే. అయినా ఇద్దరూ కులీ కవితల్లోంచే సాక్ష్యం వెతుక్కోవాలి, వాటిని అందరికీ అందించింది జోర్. చివరి రోజుల్లో కశ్మీరులో ఉర్దూ ఆచార్యుడిగా ఉంటూ 1962లో శ్రీనగర్‌లోనే పోయారు.

నాగావళి గట్టు:
చాలా థ్యాంక్స్ మాస్టారూ. ఇంగ్లీషులో దేంతో మొదలుపెట్టమంటారు?

వీణల ఊరు:
షేర్వానీ గారి కుతుబ్ షాహీ వంశ చరిత్ర, 1974లో వచ్చింది. పెద్ద లైబ్రరీల్లో ఉంటుంది. ముందు మహమ్మద్ కులీ అధ్యాయం చదవండి.