గ్రేస్‌ఫుల్ ట్రీ సమస్య ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు పనికొస్తుందా?

ప్రశ్న (విద్యార్థిని, అనంతపురం):
చెట్టు రూపంలోని గ్రాఫ్, అంటే ఎక్కడా వలయం ఏర్పడకుండా గీతలతో ఒకటిగా కలిపిన చుక్కల బొమ్మ, ఏదైనా సరే, దాని శీర్షాలకు (చుక్కలకు) 0 నుంచి అంచుల (గీతల) సంఖ్య దాకా ఉన్న అంకెలను ఒక్కొక్కటి ఒక్కసారే ఇచ్చి, ప్రతి అంచుకూ రెండు కొసల తేడాను రాస్తే, ఏ తేడా రెండోసారి రాకుండా చేయగలమా అన్నది గ్రేస్‌ఫుల్ ట్రీ సమస్య. అలెగ్జాండర్ రోసా 1967లో ఈ లేబులింగ్‌ను ప్రవేశపెట్టారు. ప్రతి చెట్టుకూ ఇది సాధ్యమని ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. ఐదు శీర్షాలు ఒకే వరుసలో ఉన్న దారికి 0, 4, 1, 3, 2 వేసి, తేడాలు 4, 3, 2, 1 అని వరుసగా దిగిరావడం చూసినప్పటి నుంచి నా మనసు దీని మీదే ఉంది. కానీ ఇన్నేళ్లుగా తేలనిదాన్ని నాలుగు నెలల్లో నేనేం చేయగలను?

జవాబు (డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, కడప):
తప్పక తీసుకోవచ్చమ్మా, అయితే చెట్లన్నిటి జోలికీ పోవద్దు. ఒక్క అంచే ఉన్న కొస శీర్షాలన్నీ తీసేస్తే దారి మాత్రమే మిగిలే కేటర్‌పిల్లర్ చెట్ల సంగతి ఎప్పుడో తేలింది. రెండుసార్లు తీస్తే గానీ దారి మిగలని లాబ్‌స్టర్ చెట్ల దగ్గరే చిక్కంతా ఉంది. అవన్నీ గ్రేస్‌ఫుల్, అంటే అలాంటి లేబులింగ్ ఉన్నవే అని గణితవేత్త బెర్మాండ్ 1979లో చేసిన ఊహ ఇంకా ఊహగానే ఉంది. వాటిలో అన్నిటికన్నా చిన్నదానికి నడిమి శీర్షం నుంచి రెండేసి అంచుల కాళ్లు మూడుంటాయి. నడిమికి 0, పొరుగు శీర్షాలకు 6, 5, 3, వాటి కొసలకు వరుసగా 4, 1, 2 ఇచ్చి చూడు. తర్వాత నాలుగు కాళ్లు, ఐదు కాళ్లు చేత్తోనే చెయ్యి.

జవాబు (పరిశోధక విద్యార్థి, కర్నూలు):
సార్ చేత్తో చేయమనడం నాకు చాలా నచ్చింది. 35 శీర్షాల దాకా ఉన్న చెట్లన్నిటినీ 2010లోనే కంప్యూటర్‌తో సరిచూశారు కాబట్టి, చిన్న చెట్లకు ప్రోగ్రాం రాసి జాబితా వేస్తే కొత్త ఫలితం కాదు. ఏదో ఒక గ్రాఫ్‌కు కొత్త పేరు పెట్టి లేబుళ్లు వేయడం కూడా పరిశోధన కాదని నా గట్టి అభిప్రాయం. ఒక పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో, ఎందుకు ఆగిపోతుందో రాయండి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
నాలుగు కాళ్లకు అదే పద్ధతి కుదిరింది: పొరుగులు 8, 7, 6, 3, కొసలు 4, 5, 1, 2. ఐదు కాళ్లకు మాత్రం ఎంతకీ రాలేదు. నడిమిలో 0 ఉన్నందున పొరుగు అంకెలే తేడాలుగా ఖర్చవుతాయి, కొస అంచులకు మిగిలే తేడాలు కొసల అంకెలే. ప్రతి కొసా తన పొరుగు కంటే చిన్నదైతే పొరుగుల మొత్తం కొసల మొత్తానికి రెట్టింపు కావాలి, అంటే అన్నీ కలిపి మూడుతో భాగింపబడాలి. 1 నుంచి 10 దాకా కూడితే 55 వస్తుంది. అందుకే ఒక్క కొసను పొరుగు కంటే పెద్దది చేశాను: 10కి 5, 9కి 6, 8కి 4, 7కి 1, 2కి 3. కుదిరింది సార్! ఎనిమిది కాళ్ల దగ్గర మళ్లీ ఇదే అడ్డు వస్తోంది, రేపు అక్కడి నుంచి మొదలుపెడతాను.