ఎత్తుక పోయిన కుక్కా, ఎత్తక పోయినా కుక్కా?

గుత్తికోట:
నిన్నటి నుంచి ఒక మాట నోట్లో నానుతోంది, తేలడం లేదు. మా ఇంటికి లాబ్రడార్ పిల్ల వచ్చింది, తొమ్మిది వారాలది. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో కింద దించొద్దన్నారు డాక్టరు, పార్వో జబ్బు భయం. అట్లని ఇంట్లోనే పెట్టుకుంటే రేపు ప్రతి చప్పుడుకూ బెదురుతుంది. అందుకే పొద్దున్నే చంకనేసుకుని చెరువుకట్ట దాకా తిప్పుకొస్తున్నా. బస్సు హారన్లు, గొర్రెల మంద, టీ అంగడి దగ్గర జనం, అన్నీ నా చేతుల్లోంచే చూస్తోంది.

నిన్న అలా పోతుంటే మా అవ్వ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు తాత దగ్గర వేటకుక్క పిల్ల ఒకటి ఉండేది. నేను దాన్ని కింద కాలు పెట్టనిచ్చేవాణ్ని కాదు. అవ్వ చెనిక్కాయలు వొలుస్తూ, తల కూడా పైకెత్తకుండా అనేది: "ఎత్తుక పోయిన కుక్క యాటాడతాదా!" ఇన్నేళ్లూ ఇలాగే గుర్తుంది. నిన్నటి నుంచి మాత్రం అది "ఎత్తుక"నా "ఎత్తక"నా అని అనుమానం పట్టుకుంది. ఎవరైనా విన్నారా?

హిందూపురం సంత:
"ఎత్తుక"నే, అనుమానం అక్కర్లేదన్నా. మా పక్కన కన్నడంలో ఇదే సామెత ఉంది: "హొత్తుకొండు హోద నాయి మొల హిడిదీతే". మోసుకుపోయిన కుక్క కుందేలును పడుతుందా అని. హొత్తుకొండు అంటే మోసుకుని. మడకశిర, హిందూపురం వైపు సామెతలు సరిహద్దు చూసుకుని తిరగవు కదా. కుక్క తన కాళ్ల మీద తాను ఉరకాల, ఒకరు మోసుకుపోయి కుందేలు ముందర పెడితే పట్టదు.

కమలాపురం మాస్టారు:
అర్థం సరే, కానీ కన్నడంలో ఉన్నది "మోసు", మన మాటలో ఉన్నది "ఎత్తు". రెండూ ఒకటి కావు. ఎత్తడం కింద నుంచి పైకి లేపడం, మోయడం లేపినదాన్ని భరించడం. రాయలు పోయాక పెద్దన చెప్పుకున్నాడని మనమంతా కంఠతా పట్టిన సీసంలో "పల్లకిఁ దనకేలఁ బట్టి యెత్తె" అని ఉంది. "మోసె" అని లేదు. రాజు బోయీ అయిపోలేదు, చెయ్యి వేసి లేపాడు. ఆ ఒక్క క్రియలో గౌరవం కొలత ఎంత కచ్చితంగా ఉందో చూడండి. కాబట్టి మీ అవ్వ మాటలో "ఎత్తుక" ఉంటే దాని బలమంతా "-కొను"లో ఉంది. ఎత్తి తనకు ఆనించుకోవడం, బిడ్డను ఎత్తుకున్నట్టు.

నల్లరేగడి:
మాస్టారూ, "ఎత్తుకొని" వాడుకలో "ఎత్తుక" కావడం మన రాయలసీమలో రోజూ వినేదే: తీసుకపో, పట్టుకరా, చెప్పుకపాయె. ఇంతవరకు పేచీ లేదు. నా పేచీ రెండో అక్షరంతో. "త్తు" కాకుండా "త్త" అయితే మాట తలకిందులవుతుంది. "ఎత్తకపోయినా కుక్క యాటాడతాది": నువ్వు ఎత్తుకుని ముద్దు చేయకపోయినా దాని వేట అది ఆడుతుంది, వదిలిపెట్టరా అని. పిల్లవాడికి చెప్పే మాట ఇలాగే ఉండాలి కదా! ఇంకో సంగతి, పల్లెలో ఆ "త్త"ను ఎంత పొట్టిగా పలుకుతారంటే "త్తు"కీ "త్త"కీ మధ్య ఒక ఊపిరంత తేడా కూడా ఉండదు.

కమలాపురం మాస్టారు:
అలా అయితే "పోయినా" అని చివర దీర్ఘం రావాలి. దీర్ఘం లేకుండా "ఎత్తకపోయిన కుక్క" అని మన పల్లెల్లో అనరు, "ఎత్తని కుక్క" అంటారు. పైగా ఆయనకు చివర "ఆడతాదా" అని ప్రశ్న గుర్తుంది, మీ పాఠానికి "ఆడతాది" కావాలి. రెండు చోట్ల అచ్చు మార్చి ఒక అర్థం తెస్తున్నారు.

నల్లరేగడి:
ఒప్పుకోను. "యాటాడతాదా!" అని అవ్వలు విసుక్కుంటూ అనేది ప్రశ్న కాకపోవచ్చు. గుత్తికోట అన్నా, ఆ చివరి "దా" పైకి లేచేదా, కిందికి దిగేదా? అది చెప్పండి, మిగతాది నేను చూసుకుంటా.

పెన్నేటిగట్టు:
వేట సంగతి వదిలి యాట సంగతి చూడండి. మా వైపు యాట అంటే పొట్టేలు కూడా. జాతరలో యాటను కొట్టినారు అంటాం. మాది గొర్లు కాసిన ఇల్లు. ఎత్తుకపోయిన కుక్క అంటే మాకు దొంగిలించుకుపోయిన కుక్క. ఇంకో మంద నుంచి ఎత్తుకొచ్చిన కుక్క కొత్త మంద దగ్గర నిలవదు, తెల్లారేసరికి పాత ఊరి దారి పడుతుంది. కాబట్టి సామెత చివర "యాట కాడుంటాదా" అయివుంటుంది. పిల్లవాడి చెవికి "యాటాడతాదా" అని పడింది.

హిందూపురం సంత:
దానికి కన్నడంలో "మొల" ఉంది కదన్నా, కుందేలు. పొట్టేలు ఎక్కడి నుంచి వచ్చె?

నంద్యాల అక్క:
మీరంతా "ఎత్తుక పోయిన" అనగానే కుక్కను ఎవరో ఎత్తారనే అనుకుంటున్నారు. తెలుగులో ఈ "-ఇన" రెండు వైపులా కోస్తుంది. "నేను తిన్న పండు", "పండు తిన్న కోతి", రెంటిలోనూ అదే "తిన్న". అలాగే ఎత్తుకపోయిన కుక్క అంటే ఎత్తుకుని పారిపోయిన కుక్క కూడా! కోడిని ఎత్తుకపోయిన కుక్క అని రోజూ అంటాం. దొరికిన కుందేలును నోట కరుచుకుని పొదల్లోకి పరుగెత్తేది వేటకుక్క కాదు, దొంగకుక్క. నా పాఠం అది.

ఇది పుస్తకంలోది కాదు, పెరట్లోది. మేము లాబ్రడార్లను పెంచి పన్నెండేళ్లు. ఆ జాతి పుట్టిందే కొట్టిన పిట్టను పన్ను దిగకుండా తెచ్చి యజమాని చేతిలో పెట్టడానికి. పాయింటర్ అయితే పిట్ట వాసన తగిలిన చోటే ముందుకాలు మడిచి బొమ్మలా నిలబడి చూపిస్తుంది. లాబ్రడార్‌ది తెచ్చిచ్చే పని. పిల్లగా ఉన్నప్పుడు మీరు సాక్సు ఉండచుట్టి విసరండి, పది పరుగుల్లో ఎనిమిది దాన్ని కరుచుకుని మంచం కిందికే. వెంటపడ్డారా, అది ఆట అయిపోయి జన్మలో తెచ్చివ్వదు. వీపు తిప్పి మీరే ఇంకో వైపు పరుగెత్తాలి. అప్పుడు సాక్సుతో సహా మీ వెనకే వస్తుంది. వచ్చాక కూడా వెంటనే లాక్కోకూడదు, నోట్లో ఉండగానే మెడ కింద నిమరాలి. ఎత్తుకపోయే కుక్కను తెచ్చిచ్చే కుక్కను చేయడమే ఈ శిక్షణలో సగం.

గుత్తికోట:
అక్కా, మీరు చెప్పినట్టు నిన్న సాయంత్రం మిద్దె మీద చేశాను. మూడోసారికి వచ్చింది! నోట్లోంచి సాక్సు జారిపోతుంటే ఆగి, తల వంచి, మళ్లీ సరిగ్గా మధ్యకు పట్టుకుని వచ్చింది. ఎవరూ నేర్పలేదు. ఒళ్లు జలదరించింది నాకు.

తుపాకీ చప్పుడు అలవాటు చేయడం గురించి పక్కింటాయన అడిగాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుల వేట నేరం, నేను నేర్పేది గుడ్డబొమ్మ తెచ్చివ్వడం వరకే అని చెప్పాను. దీపావళికి బెదరకుండా మాత్రం, అది అన్నం తినేటప్పుడు దూరంగా పళ్లెం మోగిస్తున్నా, రోజూ ఒక అడుగు దగ్గరగా.

నల్లరేగడి గారూ, "దా" కిందికే దిగేది. చివర కొంచెం సాగేది.

నల్లరేగడి:
చూశారా మాస్టారూ! దిగేది ప్రశ్న కాదు.

కమలాపురం మాస్టారు:
దిగినా ప్రశ్నే. జవాబు తెలిసి అడిగే ప్రశ్న దిగుతుంది. "కుక్క తోక వంకర పోతుందా" అనేటప్పుడు మీ గొంతు ఎటు పోతుందో విని చూసుకోండి.

నంద్యాల గారి వాదం బాగుంది, కానీ ఎత్తుకపోయిన వస్తువు పేరు లేకుండా సామెత నిలవదు. కోడినో కుందేలునో చెప్పాలి. పెద్దన సీసంలోనూ "పల్లకిఁ" అని ఎత్తినదేదో చెప్పాకే "యెత్తె". మా పక్క ఊరే కోకటం. "కోకట గ్రామాద్యనేకాగ్రహారంబు" లని ఆ పద్యంలోనే వస్తుంది. ఆ ఊరి మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు మొదటి పాదమే నోటికొస్తుంది: "ఎదురైనచోఁ దన మదకరీంద్రము నిల్పి / కేలూత యొసఁగి యెక్కించుకొనియె". ఇక్కడా "-కొను" ఉంది గమనించండి. ఏనుగు ఎక్కించాడు కాదు, ఎక్కించుకున్నాడు, తన పక్కన. ఆ ఒక్క "కొను" తీసేస్తే స్నేహం పోయి దానం మిగులుతుంది.

పెన్నేటిగట్టు:
"నిల్పి"నా "నిలిపి"నా మాస్టారూ? మా అయ్యవారు "నిలిపి" అని చెప్పించారు.

కమలాపురం మాస్టారు:
రెండూ వింటాం. గణాలు చూడండి, అక్కడ ఇంద్రగణం రావాలి. "ద్రము నిల్పి" సలం అవుతుంది, "ద్రము నిలిపి" అంటే ఐదూ లఘువులై ఏ ఇంద్రగణమూ కుదరదు. నాకు "నిల్పి"నే.

హిందూపురం సంత:
కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది, 1868లో అచ్చయిన కెప్టెన్ కార్ సామెతల సంపుటి చూస్తే సగం గొడవ తీరుతుంది. అకారాది క్రమంలోనే ఉంటుంది, "ఎ" దగ్గర.

నల్లరేగడి:
అచ్చులో ఉన్నది ఏదైనా అచ్చువేసినవారి చెవి. అవ్వ నోట్లో ఉన్నది వేరే. అన్నా, ఆ మాట అన్నాక ఆమె ఏం చేసేవారో గుర్తు చేసుకోండి. చేతిలో అర్థం దొరుకుతుంది.

గుత్తికోట:
రాత్రంతా అదే ఆలోచించాను. కుక్కపిల్లను నా చంకలోంచి లాక్కునేది, అది బాగా గుర్తుంది. కింద దించేదని చెబితే హిందూపురం అన్న గెలిచినట్టే. కానీ దించేది కాదు. తన ఒళ్లో చెనిక్కాయ పొట్టు మీద పడుకోబెట్టుకుని మళ్లీ వొలిచేది.

పొద్దున మా చెల్లెలికి ఫోన్ చేశాను. ఆమెకు "ఎత్తుకొచ్చిన" అని గుర్తుందట, "పోయిన" కానే కాదంటోంది.

నంద్యాల అక్క:
"ఎత్తుకొచ్చిన"నా? కచ్చితంగా "కొచ్చి" అనిందా, "కచ్చి" అనిందా? మళ్లీ ఒకసారి అడగండి.