లేబర్ కోర్టు కేసు: ఇద్దరు మేనేజ్‌మెంట్ లాయర్లు రెండు రకాలుగ చెప్తున్నరు, ఎవరి మాట వినాలె?

బాలానగర్_లేత్:
అందరికీ నమస్తే. మాది బాలానగర్‌ల చిన్న మెషిన్ షాప్, పదిహేను మంది పనిచేస్తరు. 2024ల ఒక ఆపరేటర్‌కు సూపర్‌వైజర్‌కు లొల్లయింది, రేపట్నుంచి రావద్దని చెప్పి పంపేసిన్రు. చార్జ్‌షీట్ లేదు, ఎంక్వైరీ లేదు. ఆయనది ఎనిమిదేండ్ల సర్వీసు, ఆఖరి జీతం 18,200. లేబర్ ఆఫీసుల మీటింగులు అయినయి గాని తెగలే, 2025 మొదట్ల లేబర్ కోర్టుల 2ఏ (కార్మికుడు ఒక్కడే సొంతంగ వేసుకునే కేసు) కింద కేసేసిండు, డ్యూటీల తీసుకోవాలె, ఇన్నాళ్ళ జీతం ఇయ్యాలె అంటుండు. మేం ఇంకా కౌంటర్ (కోర్టుకు మా జవాబు) వెయ్యలే. ఒక లాయర్ సారేమో "మేం తీసెయ్యలే, ఆయనే పని మానేసి పోయిండు అని రాద్దాం, కేసు నాలుగేండ్లు సాగితే ఆయనే అలసిపోతడు" అంటుండు. ఇంకో లాయర్ మేడమ్‌ను కలిస్తే అట్ల రాయొద్దు, అయ్యింది అయినట్టు రాయాలె, లేకుంటే సెటిల్ చేసుకోండి అన్నది. పైంగ యూనియనాయన మీకు లాయరే ఉండొద్దు అంటుండు, అది నిజమేనా?

మేనేజ్‌మెంట్_వకీలు:
లాయర్ సంగతి ముందు చెప్తాను. మీ కేసు వేసింది 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద, 2025 నవంబర్‌లో దాని స్థానంలో ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ వచ్చింది. ఆ పాత చట్టం సెక్షన్ 36 ప్రకారం లేబర్ ఆఫీసులో రాజీ చర్చలకి అడ్వకేట్ రాకూడదు, లేబర్ కోర్టులో అయితే అవతలి పార్టీ ఒప్పుకోవాలి, కోర్టు పర్మిషన్ ఇవ్వాలి. 1976లో పారాదీప్ పోర్ట్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అయితే కార్మికుడు కూడా అడ్వకేట్‌ని పెట్టుకుంటే మామూలుగా ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఆయన యూనియన్ లీడర్‌తోనే వస్తే మీ యజమానుల సంఘం ఆఫీస్ బేరర్ ఎవరైనా మీ తరఫున నిలబడొచ్చు.

ఇక అసలు విషయం. "పని మానేసి వెళ్ళిపోయాడు" అనేది మా వైపు నుంచి రోజూ కోర్టులో పడే మాట, జడ్జిగారికి అది కొత్త కాదు. వెళ్ళిపోతే మీరు పిలవాలి కదా, డ్యూటీకి రమ్మని రిజిస్టర్ పోస్టులో ఒక్క లెటరైనా పంపారా? నిజంగా మానేసినా సరే ఎంక్వైరీ లేకుండా పేరు కొట్టేస్తే చెల్లదని 1993లో డి.కె. యాదవ్ కేసులో తేల్చేశారు. మేడమ్ గారు చెప్పిందే కరెక్టు. ఎంక్వైరీ చెయ్యకపోయినా తప్పుని కోర్టులోనే సాక్ష్యాలతో రుజువు చేసుకునే అవకాశం యజమానికి ఉంది, కానీ అది ఫస్ట్ కౌంటర్‌లోనే అడగాలి, 2001 లక్ష్మీదేవమ్మ కేసులో ఐదుగురు జడ్జిలు చెప్పింది ఇదే. మానేశాడు అని ఒకసారి రాశాక మళ్ళీ తప్పు చేశాడు కాబట్టి తీసేశాం అని ఎలా అంటారు?

హెచ్ఆర్_పటాన్‌చెరు:
అన్నా ఒకటి చెప్పు, ఆ రోజు వాట్సాప్‌ల ఏమన్న మెసేజ్ పెట్టిన్రా? మా దగ్గర ఇట్లనే ఒక కేసుల స్క్రీన్‌షాట్ ఒక్కటే మొత్తం తిప్పేసింది. ఈఎస్ఐ, పీఎఫ్‌ల ఎగ్జిట్ కారణం ఏం రాసిన్రో కూడా చూస్కో, కౌంటర్‌ల ఒకటి అక్కడొకటి ఉంటే అంతే.

బాలానగర్_లేత్:
గ్రూప్‌లకెళ్ళి అదే సాయంత్రం తీసేసిన్రు అన్నా. సూపర్‌వైజర్ "నీ హిసాబ్ తీస్కో పో" అని మెసేజ్ కూడా పెట్టిండు.

గాజువాక_యూనియన్:
నేను అటు పక్క వాణ్ణి, అయినా చెప్తాను బాబూ. ఆ మొదటి లాయరు గారు నాలుగేళ్ళు లాగుతానన్నది ఎవరి డబ్బుతో? నెలకి 18,200 చొప్పున నాలుగేళ్ళకి 8 లక్షల 70 వేలు దాటిపోద్ది, పని చేయించుకోకుండా కట్టాలి. అక్రమంగా తీసేస్తే పాత జీతంతో సహా వెనక్కి తీసుకోడమే మామూలు పద్ధతని 2013లో దీపాలీ గుండు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఓడి హైకోర్టుకెళ్ళినా, అతనికి వేరే ఉద్యోగం లేదని అఫిడవిట్ వేస్తే పాత చట్టం 17బీ కింద కేసు తేలేదాకా ఆఖరి జీతం నెలనెలా ఇవ్వాల్సిందే. ఈలోపు ఆ మనిషి పిల్లల ఫీజులు ఎలా కడుతున్నాడో ఎవరన్నా అడిగారా? ఎనిమిదేళ్ళు మీ మెషిన్ మీద నిలబడ్డాడు. ఇంకోటి, గ్రాట్యుటీ అతని సొంత సొమ్ము, 18,200ని 26తో భాగిస్తే రోజుకి 700, దాన్ని 15 రోజులు, 8 ఏళ్ళతో లెక్కేస్తే 84,000 వస్తాది. దాన్ని సెటిల్‌మెంట్‌లో కలిపేసి ఇంత ఇస్తున్నాం అని చెప్పకండి.

మేనేజ్‌మెంట్_వకీలు:
యూనియన్ అన్నగారితో నేను మామూలుగా వాదిస్తాను గానీ ఇక్కడ ఒక్క ముక్క కూడా కాదనలేను. ఆ మెసేజ్ ఉన్నాక మానేశాడని ప్రమాణం చేసి రాయడం అబద్ధమే అవుతుంది, ఏ లాయరూ మీతో అది చేయించకూడదు. మనిషి పనికొస్తాడు అనుకుంటే బేషరతుగా డ్యూటీకి రమ్మని ఇప్పుడే రాతపూర్వకంగా ఆఫర్ ఇవ్వండి, ఆ తేదీ తర్వాత జీతం మీద మీకు వాదించుకోడానికి చోటు దొరుకుతుంది. వద్దనుకుంటే పాత చట్టంలోని 25ఎఫ్ (పనిలోంచి తీసేస్తే ఇచ్చే పరిహారం) లెక్కని కనీస మొత్తంగా పెట్టుకోండి, ఏడాదికి 15 రోజుల జీతం, ఒక నెల నోటీసు జీతం, దానిమీద గడిచిన నెలలకి కొంత. లోక్ అదాలత్‌లో రికార్డ్ చేయించుకుంటే మళ్ళీ అప్పీలు గొడవ ఉండదు.

బాలానగర్_లేత్:
నాయినతోని మాట్లాడిన. మేడమ్‌కే వకాలత్ ఇస్తున్నం. గ్రాట్యుటీ చెక్కు ముందుగాలనే వేరేగ పంపుతున్నం, పనిలకు రమ్మని లెటర్ కూడా మేడమే రాస్తున్నది. సూపర్‌వైజర్ కింద కాదు, రెండో షెడ్డుల.