మహాబలిపురం కొండ మీద గుడి గోడెక్కి కూర్చుంటే తప్పా?

వేళచ్చేరి రమణ: ఆదివారం ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే ఈసీఆర్ (చెన్నై నుంచి తీరం వెంట వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఎక్కాం. వెన్నముద్ద రాయి దగ్గర మొదలుపెట్టి, గుహలు చూసుకుంటూ, మహిషమర్దిని గుహ నెత్తిన ఉన్న ఒలక్కణ్ణేశ్వర గుడి దాకా ఎక్కాం. సముద్రం వైపు తిరిగి గోడ మీద కూర్చున్నామో లేదో, గార్డు ఈల వేశాడు. 1,200 ఏళ్లకు పైగా ఉప్పుగాలికి నిలిచిన రాయి మా బరువుకి కూలుతుందా?

శేషాచలం బాబాయ్: దీన్ని కొండంటారా? గుట్ట. తిరుమల మెట్లెక్కి రండి, అప్పుడు మాట్లాడదాం.

పల్లావరం శారద: కూలదండీ. మీరు కూర్చున్నారని ఇంకొకరు, ఆ పక్కన పేరు చెక్కేవాడు ఇంకొకడు, ఇలాగే మొదలవుతుంది. 1984 నుంచి అది యునెస్కో జాబితాలో ఉంది. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే, 2010 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

వేళచ్చేరి రమణ: పాడుచేస్తే కదా! తెల్లవాళ్లు అదే గుడి కప్పు మీద దీపం పెట్టి ఓడలకి దారి చూపించుకున్నారు. వాళ్లకి లేని చట్టం మాకేనా?

శేషాచలం బాబాయ్: ముందు గుట్టని ఒప్పుకోండి.

పల్లావరం శారద: వాళ్లు చేసిందీ తప్పే, అందుకని మీరూ చేస్తారా? పోయిన నెల మా అమ్మాయి బొమ్మలు గీసుకుందామని వెళ్తే గుహ ముందే ఒక గుంపు స్పీకర్ పెట్టుకుని టిఫిన్లు తింటోంది. ఎదురెదురు గోడల మీద ఒకవైపు సింహమెక్కిన దుర్గ, ఒకవైపు శేషశాయి విష్ణువు. ఒక్కటీ సరిగ్గా చూడలేకపోయాం. ఆదివారం పిక్నిక్ బ్యాచ్‌లకి ఆ గుహలెందుకు?

వేళచ్చేరి రమణ: ఇదీ అసలు సంగతి! వారం మధ్యలో మాకు సెలవు ఎవడిస్తాడు? మేం రాకూడదు, అంతేగా? నేనూ చెప్తా వినండి. ఆ గార్డు డెబ్బై ఏళ్ల మా నాన్నని "ఏయ్, దిగు" అన్నాడు. మోకాళ్లు పట్టేసి కూర్చున్న మనిషిని. అవతల గోడెక్కిన విదేశీయుడికి మాత్రం "సార్, ప్లీజ్".

పెరంబూర్ చిన్ని: అయ్యో. అది మాత్రం తప్పు.

పల్లావరం శారద: ఇది మొదటే చెప్పాల్సింది. అలా అనడం తప్పే, ఒప్పుకుంటా. గోడ సంగతి మాత్రం నా మాట అదే. చుట్టూ బోలెడు బండలున్నాయి కదా, వాటి మీద కూర్చోబెట్టండి పెద్దాయన్ని.

వేళచ్చేరి రమణ: బండ మీద కూర్చుంటే "ఏయ్" అనడా?

శేషాచలం బాబాయ్: గుట్టే.