టెర్బినాఫిన్ వాడినా తామర తిరిగి వస్తోంది: ఒంటికి మందు అలవాటు పడిందా?

ప్రశ్న (రాజమండ్రి నుంచి)

ఎనిమిది నెలలుగా మా ఇంటిని తామర వదలడం లేదు. మొదట నాకు నడుము చుట్టూ వచ్చింది, తరువాత మా ఆవిడకు అంటుకుంది, ఇప్పుడు తొమ్మిదేళ్ల మా బాబుకు గజ్జల్లో కనిపిస్తోంది. మొదట్లో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు రాస్తే రెండు రోజుల్లోనే దురద, ఎరుపు తగ్గేవి. రాయడం మానేసిన వారానికి మచ్చ మునుపటికన్నా వెడల్పుగా తిరిగి వచ్చేది. ఆ తరువాత డాక్టరు గారు రాసిన టెర్బినాఫిన్ మాత్రలను నాలుగు వారాలపాటు ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకున్నాను. అయినా మచ్చ అంచు పొలుసులతో, ఎర్రగా అలాగే ఉంది. ఒంటికి మందు అలవాటు పడిపోయిందని మా బావమరిది అంటున్నాడు. ఇది నిజమేనా? కాకపోతే కంటికి కనిపించని జీవి ఇంత మందును ఎలా తట్టుకుంటోంది?

సమాధానం 1 (మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేస్తాను)

ఒళ్లు అలవాటు పడటమంటూ ఇందులో ఏమీ లేదండీ. మారి ఉంటే మీ చర్మం మీదున్న శిలీంధ్రమే మారి ఉండాలి.

తామర శిలీంధ్రానికి ఆహారం కెరాటిన్, అంటే మన చర్మపు పైపొరలోనూ, గోళ్లలోనూ, వెంట్రుకల్లోనూ ఉండే గట్టి ప్రోటీన్. దాన్ని కరిగించే ఎంజైములను బయటికి వదిలి, కరిగినదాన్ని పీల్చుకుంటూ, సన్నని పోగులుగా అన్ని వైపులకూ సమంగా పాకుతుంది. మచ్చ గుండ్రంగా ఉండేది అందుకే. నడుమ భాగం చల్లబడినట్లు కనిపించినా అంచులో అది చురుకుగానే ఉంటుంది కాబట్టి, మేము పరీక్షకు పొలుసులను అంచు నుంచే గీకి తీస్తాము. గాజు పలక మీద ఆ పొలుసుపై పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి కాసేపు ఉంచితే చర్మకణాలు కరిగి పారదర్శకమవుతాయి, వాటి మధ్య అడ్డుగోడలున్న పోగులు కొమ్మలు వేసుకుంటూ పోవడం కనిపిస్తుంది. కొన్ని చోట్ల ఆ పోగు తెగి పూసల దండలా విడిపోతుంది. ఆ పూసలే దాని విత్తనాలు. రాలిన పొలుసులతో పాటు బట్టల్లో, దుప్పట్లలో అవి నెలల తరబడి బతికి ఉండగలవు.

ఇక మందు సంగతి. మన కణాల పొరల్లో కొలెస్టరాల్ ఉన్నట్లే శిలీంధ్ర కణాల పొరల్లో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. దాని తయారీకి అవసరమైన స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైములో టెర్బినాఫిన్ వెళ్లి ఇరుక్కుంటుంది; ఎర్గోస్టెరాల్ తయారీ ఆగి, స్క్వాలీన్ పేరుకుపోయి శిలీంధ్రం చస్తుంది. అయితే ఆ ఎంజైములో 397వ స్థానంలో ఫినైల్‌అలనిన్ బదులు ల్యూసిన్ వచ్చిన శిలీంధ్రాలు ఇప్పుడు మన దేశంలో చాలా కనిపిస్తున్నాయి. మారినది ఒకే ఒక్క అమైనో ఆమ్లం (ఎంజైము అనే గొలుసులో ఒక లంకె), అయినా మందుకు అక్కడ పట్టు దొరకదు. ఇలాంటి శిలీంధ్రానికి 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు (మన దేశం పేరు ఇలా చేరినందుకు సంతోషించలేము). 2023లో న్యూయార్క్‌లోనూ రెండు కేసులు బయటపడ్డాయి. ఈ జాతికి చెందినవన్నీ మందుకు లొంగనివి కావు కాబట్టి, పరీక్ష చేయకుండా మీ ఇంట్లో ఉన్నది అదేనని నేను అనను.

సమాధానం 2 (ఫార్మసిస్టును)

మీరు మొదట వాడిన ట్యూబు మీద చిన్న అక్షరాలతో ఏముందో చదివారా? అందులో క్లోబెటాసాల్ ఉంటే కథ అక్కడే మొదలైంది. అది బలమైన స్టెరాయిడ్. శిలీంధ్రాన్ని చూసి చర్మం చేసే పోరాటమే ఎరుపు, దురద. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది కాబట్టి మనకు హాయిగా ఉంటుంది, శిలీంధ్రానికి ఇంకా హాయిగా ఉంటుంది. ఇటువంటి పూత మందులను చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినా, కౌంటరు దగ్గర అడిగితే ఇచ్చే దుకాణాలు ఉన్నాయని మా వృత్తిలో అందరికీ తెలుసు.

ఇంకొక మాట. మీరు మొలతాడు కట్టుకుంటారా?

ప్రశ్న అడిగినవారు

ట్యూబు అట్టపెట్టె వెతికి చూశాను. క్లోబెటాసాల్‌తో పాటు మరో మూడు మందుల పేర్లు ఉన్నాయి. మొలతాడు నాకూ, మా బాబుకూ ఉంది. స్నానం చేశాక అది తడిగానే ఉండిపోతుంది. మచ్చ సరిగ్గా దాని వెంబడే మొదలైందన్న సంగతి మీరు అడిగేదాకా నాకు తట్టలేదు. నిన్న డాక్టరు గారు మందు మార్చి ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ రాశారు. నేను రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటాను. రెండూ కలిపి వేసుకోవచ్చా?

సమాధానం 2

గ్యాస్ మాత్ర సంగతి డాక్టరు గారికి ఈ రోజే చెప్పండి. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కరిగి రక్తంలోకి చేరాలంటే కడుపులో ఆమ్లం కావాలి, గ్యాస్ మాత్ర చేసే పని ఆ ఆమ్లాన్ని తగ్గించడమే. అందుకే ఇట్రాకొనజోల్‌ను అన్నం తిన్న వెంటనే వేసుకోమంటారు. మందు వేసుకుంటున్నా ఒంట్లోకి చేరకపోతే, అది కూడా మొండి శిలీంధ్రమేనని పొరబడతాము. గుండె బలహీనత ఉన్నవారికి ఈ మందు పనికిరాదు, వేరే మందులతోనూ పేచీ పెడుతుంది. కాబట్టి మీరు వాడుతున్న మాత్రలన్నిటినీ చూపించండి.

మొలతాడు తీసేయండి. మీ ముగ్గురి లోదుస్తులు, తువ్వాళ్లు విడిగా వేడినీళ్లలో నానబెట్టి, ఎండలో తిరగేసి ఆరేయండి.

సమాధానం 1

ముగ్గురికీ ఒకేసారి చికిత్స మొదలుకావాలి, లేకపోతే ఒకరిది తగ్గేసరికి మరొకరి నుంచి మళ్లీ అంటుకుంటుంది. బాబుకు మాత్ర మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి మీ మందులో సగం విరిచి ఇవ్వకండి. వీలైతే పొలుసు గీకించి కల్చర్‌కు (శిలీంధ్రాన్ని ల్యాబులో పెంచి చూసే పరీక్షకు) పంపమని అడగండి. ఫలితానికి నాలుగు వారాల దాకా పట్టవచ్చు. పరీక్షకు వెళ్లేముందు కొన్ని రోజులపాటు ఏ పూత మందూ రాయకుండా ఉండవచ్చేమో డాక్టరు గారినే అడగండి, ఎందుకంటే పూత ఉన్న చర్మం మీద గీకితే ఉన్న శిలీంధ్రం కూడా చాలాసార్లు మాకు పలకలో దొరకదు.