పాత షెవీ 283 హెడ్‌లో రాకర్ స్టడ్ పైకి లేస్తోంది, మర స్టడ్లు వేయడం ఇంట్లో అయ్యే పనేనా?

బీచ్‌రోడ్_ఇంపాలా:
అందరికీ నమస్కారం. మా మామయ్య గారి 1964 షెవర్లే ఇంపాలా, 283 (క్యూబిక్ అంగుళాల) వీ8, విశాఖ లాసన్స్ బే కాలనీలో షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోయింది, ఇప్పుడు నేను లైన్లో పెడుతున్నా. ఇంజన్ బానే స్టార్ట్ అవుతోంది గానీ ఎడం వైపు హెడ్‌లోంచి టాపెట్ సౌండ్. రాకర్ నట్టు బిగించి సెట్ చేస్తే పోతుంది, కొన్నాళ్లకి మళ్లీ అదే వాల్వు దగ్గర మొదలు. కవర్ తీసి స్టడ్ల మీద (వాల్వుని నొక్కే రాకర్లని పట్టి ఉంచే కడ్డీలు) స్టీల్ స్కేల్ పెట్టి చూస్తే ఒక స్టడ్ మిగతావాటికన్నా ఎత్తుగా ఉంది, గోడలోంచి మేకు ఊడొస్తున్నట్టు. ఫ్యాక్టరీలో ప్రెస్ చేసి దించిన స్టడ్లు కదా ఇవి. మొత్తం 16 పీకేసి 7/16 అంగుళం మర స్టడ్లు (కన్నంలో మర తీసి తిప్పి బిగించేవి) వేసేద్దాం అనుకుంటున్నా. చేతి ట్యాప్‌తో (కన్నంలో మర కోసే పనిముట్టు) ఇంట్లోనే అవుతుందా, లేక హెడ్లు విప్పి ఆటోనగర్ పట్టుకెళ్లాలా? గైడ్ ప్లేట్లు (రాకరుని కిందనుంచి తోసే పుష్ రాడ్లు పక్కకి పోకుండా పట్టే రేకులు) కూడా కావాలా?

గాజువాక_టాపెట్:
తమ్ముడూ, స్టడ్ సంగతి తర్వాత, ముందు అది ఎందుకు లేస్తోందో చూడు. స్టాక్ క్యామ్, స్టాక్ స్ప్రింగులతో (అంటే ఫ్యాక్టరీలో వచ్చినవే) ఈ ప్రెస్ స్టడ్లు దశాబ్దాలు నిలబడ్డాయి. 1955లో 265 వచ్చినప్పటి నుంచి షెవీ చిన్న వీ8లో ఇదే పద్ధతి, రేకు రాకరు, గుండ్రటి బాల్, మధ్యలో స్టడ్డు, ఈ ఐడియా అసలు పాంటియాక్ ఇంజనీరు క్లేటన్ లీచ్‌ది. తేలిగ్గా, చవగ్గా అయిపోయే చక్కటి డిజైన్. కానీ వాల్వుని తెరిచే బలమంతా తిరిగి ఆ స్టడ్‌ని పైకి లాగుతుంది, పట్టి ఉంచేది బిగుతు ఒక్కటే. పెద్ద క్యామ్, గట్టి స్ప్రింగులు వేస్తే లేస్తుంది, అది అందరికీ తెలిసిందే. నీది స్టాక్ అయితే నాకు అనుమానం వాల్వు గైడ్‌లో (వాల్వు కాడ జారే గొట్టం) పట్టేస్తోందని. మన సముద్రం గాలికి, అందులోనూ లాసన్స్ బేలో, బండి ఏళ్ల తరబడి నిలబడితే తెరుచుకుని ఉండిపోయిన వాల్వుల కాడలకి తుప్పు పడుతుంది, ఆ వాల్వు కిందికి పోనంటే రాకరు స్టడ్‌ని లాగేస్తుంది. అది సరిచేయకుండా మర స్టడ్ వేశావంటే ఈసారి పుష్ రాడ్ వంగుతుంది.

చూడ్డం ఇంట్లోనే అవుతుంది. ఆ సిలిండర్ రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడు ప్లగ్ కన్నంలోంచి నైలాన్ తాడు లోపలికి దూర్చి (కొస బయట ఉంచు), క్రాంక్ చేత్తో తిప్పి పిస్టన్ పైకి తీసుకురా, తాడు వాల్వుని కిందనుంచి ఆపుతుంది, స్ప్రింగ్ తియ్యి. తర్వాత కాడ చివర రబ్బరు బ్యాండు గట్టిగా చుట్టి, పిస్టన్ కొంచెం దించి, వాల్వుని చేత్తో పైకీ కిందకీ ఆడించి తిప్పి చూడు. ఎక్కడా గరుకు తగలకూడదు.

ఇంకోటి, హైడ్రాలిక్ లిఫ్టర్లు (క్యామ్‌కీ పుష్ రాడ్‌కీ మధ్య ఉండి నూనె ఒత్తిడితో ఖాళీ సర్దుకునేవి) ఉంటే స్టడ్ కొద్దిగా లేచినా లిఫ్టరు ఆ ఖాళీని నింపేస్తుంది, సౌండ్ వచ్చేసరికి ఆలస్యం అయిపోతుంది. అందుకే మిగతా పదిహేనూ స్కేల్ పెట్టి చూడు.

సింహాచలం_ఘాట్:
గురూ, ఒక్కటే లేస్తే 16కీ మరలు ఎందుకు? షెవీ వాళ్లే రిపేరుకని 3 థౌ, 13 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) లావు స్టడ్లు ఇచ్చేవారు. కన్నం రీమర్‌తో సరిగ్గా తీసి లావుది దించితే ఒరిజినల్ హెడ్ ఒరిజినల్‌గానే ఉంటుంది. బాస్‌కి (స్టడ్ దిగే దిమ్మె) అడ్డంగా డ్రిల్ చేసి పిన్ను కొట్టేవాళ్లు కూడా ఉన్నారు, నాకది నచ్చదు, ఆ కన్నం దగ్గరే స్టడ్ బలం తగ్గి విరుగుతుంది. 64 ఇంపాలా మన ఊళ్లో ఎన్ని ఉన్నాయి చెప్పండి, కొయ్యాల్సిన అవసరం లేనప్పుడు హెడ్‌ని కొయ్యొద్దు.

బీచ్‌రోడ్_ఇంపాలా:
అన్నా, తాడు పద్ధతిలో చూశా. మీరన్నట్టే ఉంది, అది ఎగ్జాస్ట్ వాల్వు, సగం దూరం తర్వాత బిర్రుగా పట్టేస్తోంది. స్కేల్ పెడితే ఇంకో రెండు స్టడ్లు కూడా కొంచెం లేచినట్టే ఉన్నాయి. హెడ్లు ఎలాగూ విప్పాలి కాబట్టి మర స్టడ్లే వేయించేద్దాం అని ఉంది. ఇక్కడ ఒక లేత్ షాపాయన దగ్గర 7/16, 14 మరల ట్యాప్ ఉందట, సరిపోతుందా?

గాజువాక_టాపెట్:
ఆగు ఆగు, ఆ ట్యాప్ మీద ఏం రాసుందో చూడు. విట్‌వర్త్‌లో (పాత బ్రిటిష్ మర, బీఎస్‌డబ్ల్యూ) కూడా 7/16కి అంగుళానికి 14 మరలే, కానీ కోణం 55 డిగ్రీలు. నీ స్టడ్‌ది యూఎన్‌సీ (అమెరికన్ మర), 60 డిగ్రీలు. పాత షాపుల్లో విట్‌వర్త్ ట్యాపులు ఇప్పటికీ ఉంటాయి, లెక్క ఒకటే కదా అని వాడేస్తారు, స్టడ్ ఎక్కేస్తుంది కూడా, కానీ మర పూర్తిగా కూర్చోదు. యూఎన్‌సీ అని ఉంటేనే ఒప్పుకో.

మూడు లేచాయంటే నేనూ మర స్టడ్లకే ఓటేస్తా. ప్రెస్ స్టడ్ పీకడం ఇంట్లో చేసుకో, స్టడ్ మీద మందపాటి పైపు ముక్క, పైన వాషర్లు, నూనె వేసి నట్టు బిగిస్తూ పోతే అదే పైకొస్తుంది. మిగిలిన కన్నం 7/16 ట్యాప్‌కి దాదాపు సరిపోయే సైజే. మర తియ్యడం మాత్రం చేత్తో వద్దు, పాత బీడు, ట్యాప్ కాస్త వాలినా రాకరు పక్కకి తన్నుతుంది. మిల్లింగ్ మెషీన్‌కి ఇచ్చెయ్యి. హెక్స్ (స్పానర్ పట్టే ఆరు పలకల భాగం) ఉన్న స్టడ్లయితే ఆ హెక్స్ మందం ఎంతో కొలిచి బాస్‌ని అంత దించాలి, అదీ స్టడ్ కన్నానికి సరిగ్గా లంబంగా, హెడ్ కింది ముఖాన్ని పట్టుకుని కాదు, రెండిటి కోణం వేరు. ఈ మాట షాపులో దగ్గరుండి చెప్పు. హెక్స్ లేని స్టడ్లు కూడా దొరుకుతాయి, వాటికైతే బాస్ కొయ్యక్కర్లేదు.

పై భాగం 3/8 ఉన్న స్టడ్లే కొను, నీ పాత రాకర్లు, బాల్స్, నట్లు అన్నీ అవే పడతాయి. గైడ్ ప్లేట్లు వద్దు, ఈ హెడ్‌లో పుష్ రాడ్‌ని దారిలో పెట్టేది హెడ్‌లోని కన్నమే, ప్లేటు కూడా పెడితే రెండుచోట్ల పట్టి రాపిడి, పైగా గట్టిపరిచిన పుష్ రాడ్లు కొనాలి.

సింహాచలం_ఘాట్:
మూడు లేచాయంటే సరే, నేనూ ఒప్పుకుంటా. స్టడ్ మరలకి సీలెంట్ రాయడం మర్చిపోకండి, కొన్ని కన్నాలు కింద నీళ్లలోకి తెరుచుకుని ఉండొచ్చు, లేకపోతే కూలెంట్ నూనెలో కలుస్తుంది. టార్క్ 50 అడుగు-పౌండ్లు, అంటే సుమారు 68 న్యూటన్ మీటర్లు, స్టడ్ల డబ్బా మీద వేరే అంకె ఉంటే అదే పాటించండి. గైడ్ల పని ముందు చేయించి, స్టడ్లు ఆఖర్న వేయించండి.

బీచ్‌రోడ్_ఇంపాలా:
చాలా థాంక్స్ ఇద్దరికీ. ట్యాప్ చూశా, బీఎస్‌డబ్ల్యూ అని చెక్కి ఉంది. యూఎన్‌సీ సెట్ ఆర్డర్ పెడుతున్నా.