సముద్రంలో పోయిన పిల్లగాడి పేరు ఊరి స్తూపం మీద ఉండాలా?

జనగామ బాట: మా దిక్కు ఒక ఊర్ల సాయుధ పోరాట స్తూపం బాగు చేయిస్తున్నరు. ఆ ఊరి నుంచి బొంబాయి పోయి, కామాఠీపురల ఉండి, ఓడల బొగ్గు పనికి ఎక్కిన 19 ఏండ్ల పిల్లగాడు 1942ల టార్పెడో తగిలి పోయిండట. ఆ పేరు గూడ స్తూపం మీదనే ఎక్కియ్యాలని ఇంటోళ్లు అడుగుతున్నరు. ఊరు రెండు ముక్కలయింది. మీరేమంటరు?

ఎర్ర మట్టి: వద్దు. 1946 జూలై 4న కడవెండిల దొడ్డి కొమురయ్య ఎవరి తుపాకికి పడ్డడో అందరికీ ఎరుకే. ఆ స్తూపం దొర మీద, నిజాం మీద లేచినోళ్లది. ఈ పిల్లగాడు జీతానికి బ్రిటిషోడి ఓడెక్కిండు. పాపమే గని, లెక్క వేరే.

ఇంజిన్ గది: స్తూపం సంగతి ఊరోళ్లు తేల్చుకోవాలి. కానీ "జీతానికి ఎక్కిండు" అని ఒక్క మాటతో కొట్టెయ్యకండి. యుద్ధం మొదలయ్యేనాటికి భారతీయ కలాసీ జీతం అదే ఓడలోని తెల్ల నావికుడి జీతంలో నాలుగో వంతుకు అటూ ఇటూ. 1939 చివర్లో వీళ్లు లండన్ సహా చాలా రేవుల్లో సమ్మె కట్టారు, కొందరు జైలుకూ పోయారు. ఓడ ఏ దారిన పోవాలో, ఏ కాన్వాయ్‌లో (కాపలాతో కలిసి పోయే ఓడల గుంపులో) నడవాలో నౌకాదళం చెప్పేది. రాత్రి ఒక్క దీపం బయటికి కనపడకూడదు.

ఇక బొగ్గు పని. ట్రిమ్మర్ బంకర్ (బొగ్గు నిల్వ గది) నుంచి బొగ్గు తోసుకొస్తాడు, ఫైర్‌మన్ కొలిమిలో వేస్తాడు, బూడిద ఎత్తుతాడు. నాలుగు గంటల వాచ్ (డ్యూటీ), ఎనిమిది గంటల విరామం, మళ్లీ వాచ్. టార్పెడో పేలేది నీటి మట్టానికి కింద, ఈ గదులు ఉండేదీ అక్కడే. ఆవిరి గొట్టం పగిలితే కాలిపోతారు, కరెంటు పోతే చీకటి, పైకి రావడానికి నిలువు ఇనుప నిచ్చెన. డెక్ మీద ఉన్నవాడికి దొరికే రెండు మూడు నిమిషాలు కింద ఉన్నవాడికి దొరకవు.

ఎర్ర మట్టి: అన్నా, కష్టం కాదని ఎవరన్నరు? గని ఆ పేరు ఆ వరుసల ఎట్ల ఇముడుతది?

కాగితాలు: దానికంటే ముందు ఒకటి. ఇంజిన్ గదుల్లో ఎక్కువగా సిల్హెట్, పంజాబ్ వాళ్లు, వంట, వడ్డన పనుల్లో గోవా వాళ్లు ఉండేవారు. తెలంగాణ మనిషి అరుదు. అందుకే రుజువు గట్టిగా కావాలి.

యుద్ధంలో పోయినవాళ్ల పేర్ల లెక్క ఉంచేది కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్. దాని వెబ్‌సైట్‌లో వెతకడం ఉచితమే. నేరుగా పేరు కొడితే దొరకదు. చాలామందికి ఇంటిపేరు లేకుండా ఒక్క మాటే పేరుగా రాశారు, స్పెల్లింగ్ గుమాస్తా విన్నట్టు. ముందు ఓడ పేరు, మునిగిన తేదీ సంపాదించండి. తరువాత "ఇండియన్ మర్చంట్ నేవీ" (సరుకు ఓడల నావికులు) ఎంచుకుని ఆ తేదీకి రెండు రోజులు అటూ ఇటూ చూడండి. అర్ధరాత్రి దెబ్బ తగిలితే ఓడ గడియారానికీ, జలాంతర్గామి లాగ్‌బుక్‌కూ తేదీ మారిపోతుంది. లైఫ్‌బోటులో పోయినవాళ్ల తేదీ ఇంకా తరువాత ఉంటుంది. తండ్రి పేరు, ఊరు కలిస్తేనే మీ మనిషి.

ఇంకో మెలిక. సైనికుడు 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 లోపు సర్వీసులో ఉండి జ్వరంతో పోయినా కమిషన్ లెక్కలో ఉంటాడు. మర్చంట్ నావికుడు యుద్ధ చర్య వల్లే పోయి ఉండాలి. తుపానులో ఓడ మునిగితే ఆ లెక్కలోకి రాడు. సమాధి లేని భారతీయ నావికుల పేర్లు లండన్ టవర్ హిల్‌లోని మర్చంట్ నావికుల స్మారక గోడ మీద వెతక్కండి. అవి ముంబై మస్జిద్ బందర్ దగ్గరి సెయిలర్స్ హోమ్‌లో, చిట్టగాంగ్‌లో ఉన్న స్మారక పుస్తకాల్లో ఉంటాయి. మర్చంట్ నావికులే దాదాపు 6,000 మంది.

రాతి పని: ఏ రాయి మీద చెక్కినా ఒక ముచ్చట. కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైటు చూడ సక్కగ ఉంటది గని మచ్చలల్ల అక్షరం కలిసిపోతది. పాలిష్ పట్టిన నల్ల రాయి తీసుకోండ్రి. అక్షరం ఒకటిన్నర ఇంచుకు తగ్గొద్దు, లోతు 3 మిల్లీమీటర్లన్న ఉండాలె. చిన్నగ చెక్కితే వత్తుల కాడ పెచ్చు లేస్తది. రంగు నాలుగేండ్లకు పోయినా లోతుంటే సదవొస్తది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ, తేదీ, ఇంతే. ఓడ పేరు తేలకపోతే ఆ వరుస జాగ ఇడిసిపెట్టుండ్రి. తప్పు చెక్కితే గ్రానైటు మీద చెరిపేదుండది, మొఖం మొత్తం అరగదీసి మళ్ల పాలిష్ పట్టాలె. అది కొత్త రాయి ఖర్చే.

ఎర్ర మట్టి: పంచాయతీ ఆఫీసు ముందట వేరే రాయి పెడితే నాకేం అడ్డం లేదు. స్తూపం మీద మాత్రం ఒప్పుకోను.

ఇంజిన్ గది: వేరే రాయే మేలు. అక్కడైతే "ఫైర్‌మన్" అని పని పేరు కూడా రాయొచ్చు. స్తూపం మీద పేర్ల మధ్య ఇరికిస్తే చదివేవాడు తుపాకి పట్టినవాడే అనుకుంటాడు.

జనగామ బాట: ఇంటోళ్లకు ఓడ పేరు ఎరుక లేదు. కంపెనీ నుంచి వచ్చిన ఉర్దూ ఉత్తరం ఒకటి ఉన్నదట.

కాగితాలు: దాన్ని లామినేషన్ చేయించొద్దని చెప్పండి ముందు. రెండు వైపులా ఫొటో తీసి, తేదీ, ముద్ర కనపడేటట్టు ఇక్కడ పెట్టండి.